ఏదెను పిట్టలు

కొన్ని నెలల కిందట అమ్మ సామాను సుబేదారిలోని మా ఫ్లాటుకు దింపించినప్పుడు, పాత దుప్పట్లో చుట్టి తాడుతో కట్టిన ఒక మూట విప్పగానే కలరా ఉండల వాసన, దాని కింద చెద తిన్న చెక్క వాసన, ఆ రెండింటికీ అడుగున తేనె అంటి ఎండిపోయిన కాగితం వాసన గుప్పున వచ్చాయి. ఇన్నేళ్ళ తరువాత తేనెకు వాసన మిగలదని నాకు తెలుసు, అయినా నా ముక్కుకు అది తగిలింది. దుప్పటి మడతల్లో నల్లరంగు పోయిన చెక్క చట్రాలు, చట్రాల్లో మసక పట్టిన అద్దాలు, అద్దాల వెనుక మా చిన్నప్పటి పిట్టలు ఉన్నాయి. ఎర్రటి ఒంటికి నీలం రెక్కలున్న పంచరంగుల చిలుక, తన ఒంటికన్నా పెద్ద ముక్కును మోయలేక మోస్తున్నట్టు తల వాల్చిన నల్లపిట్ట, పువ్వు ముందు గాలిలో నిలబడిన బొటనవేలంత తేనెపిట్ట, అన్నీ ఉన్నాయి. కాగితం అంచులు టీ డికాక్షను ఒలికినట్టు గోధుమరంగుకు తిరిగాయి కానీ రంగులు నిన్న వేసినట్టే ఉన్నాయి. కొన్ని పిట్టలకు మాత్రం గొంతుల దగ్గర రంగు లేదు. అక్కడ ఈకల గీతలు సన్నగా కనిపిస్తూ కాగితం తెల్లగా బయటపడి ఉంది.

ఆ తెల్లమచ్చల గురించే ఇది రాస్తున్నాను. నా బిడ్డ హన్నాకు మూడో ఏడు నడుస్తోంది, ఇంకా మాట రాలేదు. అది పడుకున్నాక దాని ఊపిరి లెక్కపెట్టే అలవాటు నాకుంది, ఆ అలవాటును కాసేపు మానుకోవడానికి కూడా రాస్తున్నాను.

మేము పెరిగింది హన్మకొండలో ఒక మిషన్ కాంపౌండులో. పాత దవాఖాన వెనుక పెంకుటిళ్ళ వరుస ఒకటి ఉండేది, ఆయాలు, వంటవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు అందులో ఉండేవారు. వరుస చివరి ఇల్లు మాది. మేము నాన్నను బాపు అని, వాళ్ళ అమ్మను బాపమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమె చిన్నవయసులోనే భర్త పోతే ఆ దవాఖానలో ఆయాగా చేరి, కాన్పుల వార్డులో పనిచేసి, వంగిన నడుముతో బయటికి వచ్చింది. ఉద్యోగం అయిపోయినా ఇల్లు ఖాళీ చేయమని ఆమెను ఎవరూ అడగలేదు. బాపు బస్సు కండక్టరు. అమ్మ వర్ధన్నపేట వైపు ఒక వ్యవసాయదారుల ఇంటి పిల్ల, పెళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకుంది. మా ఇంట్లో బైబిలు బాపమ్మది, పప్పుచారు అమ్మది, విజిలు బాపుది అని మా వరుసలో అందరూ నవ్వుకునేవారు.

ఎండాకాలం వస్తే కాంపౌండంతా వేపపూత రాలి నేల పసుపుపచ్చగా అయ్యేది, మధ్యాహ్నాలు పెంకుల మీద కోతులు దూకితే ఇంట్లో అన్నం పళ్ళెంలో మట్టి పడేది, సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి మంచాలు వేస్తే ఆ తడిమట్టి వాసనకు ఆకలి వేసేది. వానలు మొదలైతే గోడల్లోంచి చెద గొట్టాలు కట్టుకుంటూ పైకి ఎక్కేది, బాపమ్మ చీపురు తిరగేసి దానితో కొట్టి కిరసనాయిలు పూసేది. బతుకమ్మ రోజుల్లో గోడ అవతలి వాడలో ఆడవాళ్ళు తంగేడు పూలు, గునుగు పూలు పేర్చి తిరుగుతుంటే మేము గోడ ఎక్కి కూర్చుని చూసేవాళ్ళం, అమ్మ మాతో పాటు నిలబడి చప్పట్లు కొట్టకుండా చేతులు కొంగులో దాచుకునేది. క్రిస్మసుకు ముందు వారమంతా బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిసిన వాసన. బాపమ్మ గుడ్డ పరిచి సకినాలు చుట్టేది, వేళ్ళ మధ్యనుంచి పిండి దారంలా జారి చుట్టు మీద చుట్టు పడేది, గరిజెలకు అంచులు మడవడం నాకు అప్పగించేది. పండుగ కొత్తబట్టల కన్నా నాకు ఇష్టమైన పని ఒకటుండేది. ముందురోజు ముందుగది గోడల మీది పిట్టల అద్దాలను ముగ్గుపిండితో తుడవడం.

ఆ పిట్టలు మా ఇంటికి వచ్చిన కథ బాపమ్మ ప్రతి పండుగకూ చెప్పేది. దవాఖానలో ముసలి దొరసాని డాక్టరమ్మ ఒకామె ఉండేదట. స్వదేశానికి శాశ్వతంగా వెళ్ళిపోతూ పెట్టెలు సర్దుకుంటుంటే ఆమె తాతల కాలం నాటి పెద్ద పుస్తకం ఒకటి బయటపడింది. అట్టలూ అక్షరాల పేజీలూ చెద తినేసింది, బొమ్మల పేజీలు మాత్రం మిగిలాయి. చెద ఆ రంగుల జోలికి పోలేదని డాక్టరమ్మ ఆశ్చర్యపోయిందట. అది వింటున్నప్పుడల్లా మేమూ ఆశ్చర్యపోయేవాళ్ళం. దేవుని పిట్టలు కాబట్టి చెద ముట్టలేదని బాపమ్మ తేల్చింది. బాపు వాటిని మట్టెవాడలో ఫ్రేములు కట్టే దుకాణానికి తీసుకెళ్ళి, జీతంలోంచి నెలకొకటి కట్టించాడు. అవి ఎక్కడి పిట్టలని అడిగితే, మనుషులు ఎరుగని వేడి అడవుల్లోవని డాక్టరమ్మ వచ్చీరాని తెలుగులో చెప్పిందట. మనుషులు ఎరుగని తోట ఒక్కటే బాపమ్మకు తెలుసు. అందుకని వాటిని ఏదెను పిట్టలు అంది. మా వరుసలో అందరికీ అవి ఏదెను పిట్టలే అయ్యాయి.

మా వరుస పిల్లలం వాటిని పంచుకుని ఆడుకునేవాళ్ళం. కచ్చకాయల్లో గెలిచినవాళ్ళు ముందు కోరుకోవాలి. పంచరంగుల చిలుక ఎప్పుడూ నాది. పెద్దముక్కుదానికి బాపు తన డ్యూటీ కంట్రోలరు పేరు పెట్టాడు. అందరికన్నా అందమైనది పచ్చపిట్ట. తల నుంచి తోక దాకా నిగనిగలాడే ఆకుపచ్చ, పొట్ట మాత్రం రక్తమంత ఎరుపు, కొమ్మ మీద కూర్చుంటే తోక ఈకలు రెండు కాగితం అడుగు దాకా జారి, అక్కడ చోటు చాలక వంపు తిరిగేవి. వేపాకు పచ్చ, వరి పచ్చ, చిలుక పచ్చ మేము చూసినవే, ఆ పచ్చ మాత్రం మా ఊళ్ళో ఎక్కడా లేదు. వాన పడి చీకటైన పగటిపూట కూడా అది గోడ మీద వెలిగేది.

నాకు ఏడేళ్ళప్పుడు రూతు పుట్టింది. బుగ్గలు పట్టుకుంటే చేతిలో మిగిలిపోయేంత మెత్తని పిల్ల. నవ్వేది, ఏడ్చేది, పిలిస్తే తిరిగి చూసేది, మాట మాత్రం లేదు. రెండేళ్ళు దాటినా, మూడో క్రిస్మసు వచ్చినా "అమ్మ" అనలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు దవాఖానలో. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశారు. ఇంటింటికీ పాలు పోసే లచ్చవ్వ రోజూ గిన్నె మీద చెయ్యి వేసి అమ్మకు ఒకే మాట చెప్పేది.

"మేడారం మొక్కుకో బిడ్డా. పిల్ల ఎత్తు బంగారం ఇస్తనను. మాట రాకపోతె నా పాలు పారబొయ్యి."

బంగారమంటే బెల్లమే, ఆ జాతరలో తల్లులకు ఇచ్చేది. అమ్మ కళ్ళు మెరిసేవి. లోపలినుంచి బాపమ్మ అనేది, "మా దేవునికి మూగోళ్ళు కొత్తనా లచ్చవ్వా? నీ పాలల్ల నీళ్ళ సంగతి జర ముందు చూస్కో."

అమ్మ మొక్కు మాట ఎత్తలేదు కానీ, తన ఊరి సంగతి ఒకటి భయం భయంగా చెప్పింది. మాట రాని పిల్లలకు చిలుక కొట్టిన జామపండు తినిపిస్తారు, చిలుక ఎంగిలితో మాట వస్తుంది. ఇందులో ఏ దేవుడూ లేడు కాబట్టి బాపమ్మ ఒప్పుకుంది. కాంపౌండు జామచెట్టు కింద మేమంతా తెల్లవారకముందే కొరికిన పండ్లు ఏరేవాళ్ళం. రూతు ఆ పండ్లను ఇష్టంగా తినేది, గింజలు ఉమ్మేది, నవ్వేది. జామపండ్ల కాలం అయిపోయింది. మాట రాలేదు.

"గివి మామూలు చిలకలు," అంది బాపమ్మ ఒక ఆదివారం, గుడికి పోబోతూ గోడ వైపు చూసి. "వీటికి పండ్లు కొట్టుడు తప్ప ఏమొస్తది?"

"మరి ఇగేం చేద్దాం అత్తా?"

"ఇంట్ల పెట్టుకొని ఊరంత తిరుగుతానం. ఏదెను తోటల పాముకే మాటలు రాంగ పిట్టలకు రావా?"

అలా మొదలైంది. బాపు చట్రం వెనుక మేకులు పట్టకారుతో వంచి పచ్చపిట్ట మీది అద్దం తీశాడు. చేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. బాపమ్మ ప్రార్థన చేసింది. అమ్మ చూపుడువేలు తేనెలో ముంచి, పిట్ట ముక్కు మీద, తరువాత గొంతు మీద మెల్లగా రాసి, ఆ వేలు రూతు నాలుక మీద పెట్టింది. నేనూ నోరు తెరిచి నిలబడ్డాను.

"నాకు గూడ!"

"నీ నోటికి పిట్టలెందుకే?" అంది బాపమ్మ. "నీ నోరు మూయనీకి గద్దను పట్టుకరావాలె."

అందరూ నవ్వారు. నేను అలిగి వాకిట్లో కూర్చున్నాను. ఆ తేనె నాకు ఏనాడూ పెట్టలేదు.

మొదట ఆదివారాలు మాత్రమే పెట్టేవారు. తరువాత శ్రమల కాలం వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఉపవాస దినాల్లో ప్రార్థనలకు బలం ఎక్కువ కాబట్టి తేనె కూడా రోజు విడిచి రోజు పెట్టారు. తడి తగిలిన చోట పచ్చరంగు ఊడి అమ్మ వేలికి అంటేది. అమ్మ భయపడి చెయ్యి తుడుచుకోబోతే బాపమ్మ ఆపింది.

"తుడవకు. దాని గొంతుల రంగు దిగితెనే పిల్ల గొంతుల మాట దిగుతది."

రూతుకు తేనె రుచి తెలిసిపోయింది. ఎవరూ చూడకపోతే ముక్కాలి పీట లాక్కుని, ఎక్కి, గోడకు మొహం ఆనించి పిట్టను తానే నాకేది. పెదవుల చుట్టూ పచ్చటి గీతతో అది మా వైపు తిరిగి నవ్వితే, వరుసలోని ఆడవాళ్ళంతా పిలిపించుకుని చూసి ముద్దుపెట్టుకునేవారు. అమ్మ ఒక్కొక్కసారి మిగతా చట్రాల అద్దాలు కూడా తీయించి, పంచరంగుల చిలుక గొంతుకు, తేనెపిట్ట రెక్కకు రాసేది. ఒక్కటే పిట్టను అడిగితే అలసిపోతుందేమోనని.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం మధ్యాహ్నం గుడి నుంచి తెచ్చిన ఈతమట్టలు గుమ్మానికి కట్టి ఉన్నాయి. మేము అన్నాలు తింటున్నాం. రూతు పీట మీద నిలబడి పచ్చపిట్ట వైపు చెయ్యి చాచి, వేళ్ళు మూసి తెరిచి, స్పష్టంగా, పెద్దమనిషి పిలిచినట్టు, "దా" అంది.

అమ్మ చేతిలోని ముద్ద పళ్ళెంలో పడింది. "దా," అంది మళ్ళీ రూతు, పిట్ట రాలేదని కొంచెం కోపంగా. బాపమ్మ నేల మీద మోకరించింది, నడుము పట్టేసి మళ్ళీ లేవలేకపోయింది, అందరం ఏడుస్తూ నవ్వుతూ ఆమెను లేపాం. డ్యూటీ దిగి వచ్చిన బాపు యూనిఫాం కూడా విప్పకుండా పిల్లను ఎత్తుకుని, "మళ్ళ అను బిడ్డా, బాపుకు చెప్పు, మళ్ళ అను," అని వాడంతా తిప్పాడు. మరునాడు బస్సులో టికెట్టుకొక చాక్లెట్టు పంచాడని డ్రైవరు వచ్చి చెప్పాడు. ఇంట్లో సేమియా పాయసం వండారు. లచ్చవ్వకు రెండు గిన్నెలు పోసి బాపమ్మ అంది, "తాగు, ఇందుల నీళ్ళు లెవ్వు."

అమ్మను అంత అందంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం జడ వేసుకుంటూ గోడ ముందు నిలబడి అంది, "ఒక్క మాటకే ఇన్నొద్దులు పట్టింది. ఇగ రోజు పెడదాం అత్తా."

రోజూ పెట్టారు.

ఆ ఎండాకాలం రూతుకు వాంతులు మొదలయ్యాయి. వడదెబ్బ అన్నారు, ఉల్లిగడ్డ రసం రాశారు, పచ్చిపులుసు తాగించారు. తగ్గాయి, మళ్ళీ వచ్చాయి. నులిపురుగులన్నారు, మందు వేశారు. పొట్ట పట్టుకుని ఏడ్చేది. మాట రాని పిల్ల కాబట్టి ఎక్కడ నొప్పో చెప్పలేకపోయేది, మేము చూపించమంటే తల, పొట్ట, కాళ్ళు అన్నీ చూపించేది. అమ్మ తల దువ్వితే వెంట్రుకలు దువ్వెనకు చుట్టుకుని వచ్చేవి. దాని మెత్తటి అరచేతులు గరుకెక్కాయి. నా బుగ్గ నిమిరితే ఇసుక కాగితం రాసినట్టుండేది, నేను విదిలించుకునేదాన్ని, అది మళ్ళీ నిమిరేది. వానలు పడేనాటికి కాళ్ళ మీద నిలబడడం మానేసింది. నేల తగిలితే సూదులు గుచ్చినట్టు కాళ్ళు పైకి లాక్కునేది. దవాఖానలో పెట్టారు, సెలైను ఎక్కించారు, కామెర్లన్నారు, కార్జం చెడిందన్నారు, ఏదో పుట్టుకతోనే ఉన్నదన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇంట్లో ఏం తింటుందని అడిగారు. అన్నం, పాలు, పప్పు, ఇడ్లీ అని అమ్మ చెప్పింది. గోడ మీది పిట్ట తిండి కిందికి రాదు కదా.

మంచం మీద ఉన్న పిల్ల దగ్గరికే బాపమ్మ పచ్చపిట్టను తీసుకెళ్ళింది. సంచిలో పెట్టుకుని, దానితో పాటు తేనె సీసా. చివరికి నీళ్ళు కూడా మింగలేని రోజుల్లో కూడా రూతు ఆ తేనెకు నాలుక చాచేది. అది చూసి, బతుకుతుంది అనుకున్నాం.

బతకలేదు. సమాధుల తోటలో ఎర్రమట్టి వానకు కరిగి గుంటలోకి జారుతుంటే, బాపు గొడుగు వదిలేసి చేతులతో మట్టిని ఆపుతూ కూర్చున్నాడు. పెట్టె మూసే ముందు బాపమ్మ పచ్చపిట్టను చట్రంలోంచి తీసి రూతు రొమ్ము మీద పెట్టింది. దాని తోక రూతు మోకాళ్ళ దాకా వచ్చింది. "దా అని పిలిచింది గదా," అంది బాపమ్మ. "ఇగ అదే దానెంబడి పోతది."

ఆ తరువాత మా ఇల్లు ఇల్లులా లేదు. బాపు బస్సులో తప్ప విజిలు వేయలేదు. బాపమ్మ రెండో క్రిస్మసు చూడకుండా పోయింది, ఆమె పోయిన ఏడు సకినాలు చుట్టడానికి అమ్మ కూర్చుంది కానీ పిండి దారం తెగిపోతూ ఉంటే గిన్నె పక్కకు నెట్టేసింది. పిట్టలకు అద్దాలు మళ్ళీ బిగించారు. పచ్చపిట్ట ఉన్న చోట సున్నం తెల్లగా మిగిలింది, అమ్మ ఏ పండుగకు సున్నం వేయించినా ఆ చోటు వదిలి వేయించేది. ఏళ్ళు గడిచేకొద్దీ అమ్మ నోట ఆ చావు కథ తగ్గిపోయి మాట కథ మాత్రం పెరిగింది. "మా రూతు మాట్లాడింది" అని కొత్తవాళ్ళకు చెప్పేది. "ఏదెను పిట్టలిచ్చినయ్. నా ఏలుతోనే పెట్టిన." తాను ఓడిపోయిన తల్లి కాదని చెప్పుకోవడానికి అమ్మకు ఉన్నది ఆ ఒక్క మాటే.

బాపు పోయాక అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. పెంకుటిళ్ళు కూలుస్తామన్నప్పుడు నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను కాలేజీకి పాఠం చెప్పడానికి పోతే హన్నాను చూసుకుంటుంది. వచ్చిన రెండో రోజే అడిగింది, "పట్టకారు ఉందా బిడ్డా ఇంట్ల?" తెస్తానన్నాను, మరిచిపోయాను. కాగితం అంచుల మరకలు ఎలా పోతాయో అడుగుదామని పిట్టలను ఫోనులో ఫొటోలు తీసి, కాలేజీకి పోయాక వాసంతికి పంపాను. వాసంతి నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు హైదరాబాదులో పాత కాగితాలూ పటాలూ బాగుచేసే పని చేస్తుంది. నిమిషంలో ఫోను చేసింది.

"ఎక్కడియే గివి? వందేండ్లకు ఎక్కువే ఉంటయ్. చేత్తోని రంగులేసినయ్. ముందు హన్నాకు అందకుండ పైన పెట్టు."

"ఎందుకు? చింపుతదనా?"

"అది గాదు. ఆ కాలంల ఆకుపచ్చ రంగుల్ల ఆర్సెనిక్ కలిపేటోళ్ళు, పాషాణం. అన్నిట్ల ఉంటదని గాదు, చూడంది చెప్పలేం. ముట్టుకుంటె సబ్బుతోని కడుక్కో."

"ముట్టుకుంటెనే చస్తరా?"

"ముట్టుకుంటె ఏం గాదే, ఫికర్ చెయ్యకు. నాకితే కదా!" వాసంతి నవ్వింది. "కాగితాన్ని ఎవలు నాకుతరు?"

క్లాసు ఉందని చెప్పి ఫోను పెట్టేశాను. స్టాఫ్ రూములో కూర్చుని ఫోనులో వెతికాను. వాంతులు, రాలే జుట్టు, గరుకెక్కిన అరచేతులు, నేల తగిలితే మండే కాళ్ళు. భయంతో వెతికేవాళ్ళకు అన్ని రోగాలూ కలుస్తాయని నాకు తెలుసు, హన్నా జలుబుకు కూడా నేను ఇలాగే వెతికి ఇలాగే ఏడ్చినదాన్ని. కార్జం నిజంగానే పుట్టుకతో చెడిందేమో. తేల్చగలిగిన పచ్చపిట్ట మట్టిలో ఉంది. కానీ అమ్మ పట్టకారు అడిగింది గుర్తుకు వచ్చి, క్లాసు వదిలేసి ఆటోలో ఇంటికి పరుగెత్తాను.

అమ్మ హన్నాకు అన్నం కలుపుతోంది. మూట మంచం కింద ఉంది.

"అమ్మా, హన్నాకు పిట్టల తేనె పెట్టినవా?"

"ఎట్ల పెడత? అద్దం తీసుడు నాతోని అయితదా? పట్టకారు తెమ్మంటె నీకు యాదికే ఉండది." ముద్ద హన్నా నోట్లో పెట్టి అంది, "ఆయితారం మొదలు పెడదాం. పచ్చది లేకున్నా చిలక ఉంది."

అమ్మ మొహంలో నాకు మట్టల ఆదివారం నాటి వెలుగు కనిపించింది. నిజం చెబితే నా బిడ్డకు ఆ తేనె ఎప్పటికీ పెట్టదు. కానీ ఆ నిజం పూర్తిగా నిజమో కాదో కూడా నాకు తెలియదు, అమ్మ మాత్రం దాన్ని పూర్తిగా నమ్ముతుంది, నమ్మి తన చూపుడువేలిని చూసుకుంటూ బతుకుతుంది. మరునాడే చట్రాలన్నీ ప్లాస్టిక్కులో చుట్టి వాసంతికి పంపేశాను. పరీక్ష చేసి ఏం తేలిందో చెప్పనా అని అడిగింది. వద్దన్నాను.

మంచం కింద ఖాళీ చూసి అమ్మ అక్కడే నేల మీద కూర్చుంది.

"అమ్ముకున్నవా?"

"లేదమ్మా. పాడైతానయని, దాచిపెట్టెటోళ్ళకు ఇచ్చిన."

"నీ చెల్లెకు మాటిచ్చిన పిట్టలు. నీ బిడ్డకు వద్దా?"

"నాకా నమ్మకం లేదమ్మా. డాక్టరు ఉన్నడు, మాటలు నేర్పించేటామె ఉంది."

"సదువుకున్నవ్ గదా," అంది అమ్మ. "నీ బిడ్డ నోరు లేకుండ పెరిగినా సరే, నీ సదువు మాత్రం గెలవాలె."

ఆ తరువాత అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. హన్నాకు స్నానం చేయిస్తుంది, జడ వేస్తుంది, నాకు టీ పెట్టి బల్ల మీద ఉంచి వెళుతుంది. ఇంట్లో నాతో మాట్లాడని వాళ్ళు ఇద్దరయ్యారు.

పెంకుటిళ్ళ వరుస ఇప్పుడు లేదు. మొన్న ఆ దారిన పోయాను. మా ముందుగది ఉన్న చోట కార్లు నిలుపుతున్నారు, జామచెట్టు మొద్దు కూడా కనిపించలేదు, ఎదురుగా మెడికల్ షాపుల వరుస వచ్చింది. గోడ లేదు, సున్నం వేయకుండా వదిలిన చోటు లేదు. లచ్చవ్వ కొడుకులు ఎక్కడున్నారో తెలియదు. సమాధుల తోటలో పేరు చెరిగిన చిన్న సిలువలు చాలా ఉన్నాయి, రూతుది ఏదో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

నిన్నటి ఆదివారం గుడిలో దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో అమ్మ లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుని, ఆడవాళ్ళ వైపు నుంచి అందరికీ వినిపించేలా చెప్పింది. తన చిన్నబిడ్డకు మాట రాకపోతే దేవుడు ఏదెను పిట్టల చేత మాట ఇప్పించాడని, తన వేలితోనే ఆ తేనె పెట్టే భాగ్యం తనకు ఇచ్చాడని, బిడ్డ మాట్లాడి దేవుని దగ్గరికి పోయిందని. "ఇప్పుడు నా పెద్దబిడ్డ ఆ పిట్టలను ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టింది," అంది. "దాన్ని దేవుడు క్షమించాలె. దాని బిడ్డకు మాట రావాలె. అందరు ప్రార్థన చెయ్యున్రి."

తలలన్నీ నా వైపు తిరిగాయి. హన్నా నా ఒళ్ళో నిలబడి నా గాజులతో ఆడుకుంటోంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని రూతుకు ఇచ్చిన మాట కోసం, అమ్మ చేతుల కోసం దేవునికి స్తోత్రం చెప్పి, గుడి అంతా జవాబు చెప్పడానికి ఆగారు.

అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను. అమ్మకు వినిపించేలా, కొంచెం గట్టిగానే.